పొరుగు వీధి రొట్టెల బట్టీ - దేశదేశాల పిండివంటలు

మండల కేంద్రములో బస్సు దిగిన మనిషికి నేడు చాలచోట్ల మొదట కంటబడునది బేకరీ. అద్దాల బీరువాలో బన్నులు, రస్కులు, పఫ్‌లు, దిల్‌పసందు ముక్కలు, క్రీము పూసిన కేకులు వరుసగా పేర్చియుండును. పైన ‘బెంగుళూరు అయ్యంగార్ బేకరీ’ యని బోర్డు. గల్లాపెట్టె యొద్ద తెలుగును కొంచెము యాసతో పలుకు కన్నడ యజమాని. ఒకప్పుడీ దృశ్యము పట్టణములకే పరిమితమై యుండెను. ఇప్పుడది పెద్ద గ్రామముల కూడళ్ళకు వచ్చినది. జ్వరపడి లేచినవానికి పాలలో బ్రెడ్డు ముంచి పెట్టుట మనకు పాత అలవాటే. నేడు జ్వరము లేనివారును దానిని తినుచున్నారు. పుట్టినరోజునాడు కేకు కోయని ఇల్లు పల్లెలలో సైతము అరుదగుచున్నది.

ఈ సంగతితో గ్రామ పంచాయతీ సభ్యులకు పని యేమి యని కొందరడుగవచ్చును. గ్రామములో బేకరీ పెట్టుకొనుటకు అనుమతి కోరుచు దరఖాస్తు వచ్చినపుడు దానిని విచారింపవలసినవారు మీరు. బడి గేటు యెదుట పిల్లలు కొని తినుచున్న పఫ్‌లో ఏమున్నదో తెలిసికొనవలసినవారు మీరు. మన చేలలో పండు జొన్నలు, రాగులు ఆ అద్దాల బీరువాలోనికి ఎక్కునా, ఎక్కవా యన్నదియు కొంతవరకు మీ పూనికపై ఆధారపడిన విషయమే. కావున బేకరీ వంటకములు ఎక్కడెక్కడి నుండి మన వీధికి వచ్చినవో, అవి ఎట్లు తయారగునో, వానివలన మేలెంతయో కీడెంతయో ఈ సంచికలో తెలుపదలచితిమి.

పేర్లలోనే ప్రయాణము

బేకరీలో నున్న వస్తువుల పేర్లను విచారించినచో ప్రపంచపటమంతయు తిరిగివచ్చినట్లగును. ‘బిస్కట్టు’ అను మాటకు లాటిను మూలమున ‘రెండుసార్లు కాల్చినది’ అని అర్థము. పూర్వము ఐరోపా నావికులు నెలల తరబడి సముద్రముపై నుండవలసివచ్చినపుడు రొట్టె బూజుపట్టకుండుటకై దానిని మరల కాల్చి, తేమ యంతయు పోగొట్టి, ఓడలో నింపుకొనెడివారు. ఆ లెక్కన చూచినచో నేడు మనము టీలో ముంచుకొను రస్కే అసలు బిస్కట్టు. మనము బిస్కట్టని పిలుచు తీపి బిళ్ళ ఆ పేరును తరువాత సంపాదించుకొన్నది.

గోవాను పోర్చుగీసువారు 1510లో పట్టుకొనిరి. వారి భాషలో రొట్టెకు పావ్ అని పేరు. బొంబాయి వీధులలోని పావ్‌భాజీలో ఆ మాట నేటికిని నిలిచియున్నది. పోర్చుగీసు మాటలా, అవి మనకెందుకని అనుకొనరాదు. మనము నిత్యము పలుకు మేస్త్రీ, ఇస్త్రీ, అలమార, పాదిరి అనునవియు ఆ భాషనుండి వచ్చినవే. గోవాలో పిండి పొంగించుటకు ఈస్టు దొరకనపుడు అక్కడి రొట్టెలవారు కొబ్బరికల్లును వాడిరి. కల్లు పులియుటకు కారణమైన సూక్ష్మజీవియే పిండినిగూడ పొంగించును. దూరదేశపు విద్యను ఊరి కల్లుకుండతో సాధించిన ఆ పనివారి తెలివిని మెచ్చుకొనక తప్పదు. గోవా పల్లెలలో రొట్టెలవాడు సైకిలుపై గంపకట్టి, హారను మ్రోగించుచు ఇంటింటికి తిరుగుట నేటికిని కలదు.

నాన్‌ఖటాయి కథ మరియొకటి. సూరతులో డచ్చి వర్తకులు తమ రొట్టెల బట్టీని విడిచిపోవుచు ఒక పార్సీ పనివానికి అప్పగించిరట. దొరలు పోగా రొట్టెలు కొనువారు తగ్గిరి. మిగిలి ఎండిపోయిన రొట్టెలను పేదలు చౌకగా కొని పాలలోనో టీలోనో ముంచి తినసాగిరి. అది గమనించి ఆ పనివాడు మొదటినుండియే ఎండిన తీరున చేయనారంభించెననియు, ఆ ప్రయత్నములోనే నేటి నాన్‌ఖటాయి పుట్టెననియు చెప్పుదురు. అమ్ముడుపోని సరకునుండి కొత్త సరకు పుట్టుట వ్యాపారములో తరచు జరుగునదే.

హైదరాబాదు బట్టీలు

మన రాష్ట్రములో ఈ విద్యను చూడదలచినవారు హైదరాబాదు పాతబస్తీకి పోవలెను. అక్కడ ఒక పేటనుండి మరియొక పేటకు నడచినచో ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోయినట్లుండును.

అన్నిటికంటె పాతది నాన్ రొట్టె. ‘నాన్’ అనగా పారశీక భాషలో రొట్టెయే. పురానీ హవేలీ సమీపమున ‘మున్షీ నాన్’ అను బట్టీ 19వ శతాబ్దము నడుమ ఆరంభమై తరతరములుగా ప్రసిద్ధి పొందినది. దాని నాన్ గుండ్రముగా నుండదు. నాలుగు మూలలతో నుండును. అందువలన దానికి చార్‌కోనీ నాన్ అని పేరు. నిలువుగా పాతిన కుండవంటి బట్టీలో నిప్పు చేసి, పిండిని లోపలి గోడకు అతికించి కాల్చుదురు. షీర్‌మాల్ అను మరియొక రొట్టెలో నీటికి బదులు పాలు పోసి పిండి తడుపుదురు. షీర్ అనగా పాలు.

సికిందరాబాదు దండు 1806లో ఏర్పడినది. తెల్ల సైనికులున్నచోట పొంగిన రొట్టె తప్పదు. ఆ రొట్టెకు మన హైదరాబాదువారు పెట్టిన పేరు డబల్ రోటీ. పొంగి రెట్టింపగును గనుక ఆ పేరు వచ్చినదందురు. ఆ రొట్టె ముక్కలను నేతిలో వేయించి, పంచదార పాకములోను పాలలోను నానబెట్టి చేయు డబల్ కా మీఠా తెలంగాణ పెండ్లి విందులలో నేడెల్లరికి తెలిసినదే. ఆంగ్లేయుల రొట్టెను తీసికొని మొగలాయి మిఠాయిగా మార్చిన ఘనత ఈ నగరపు వంటవారిది.

19వ శతాబ్దము చివరను, 20వ శతాబ్దము మొదటను ఇరాను దేశపు యజ్ద్, కెర్మాను ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చినవారు బొంబాయి, పూనాలలో టీ దుకాణములు పెట్టిరి. వారిలో కొందరు హైదరాబాదు చేరిరి. చిక్కని పాలు కలిపిన వారి చాయ్, దానికి తోడు బిస్కట్టు నగరమునకు గుర్తులైనవి. ఆ బిస్కట్టే ఉస్మానియా. తీపి, ఉప్పు రెండును తెలియునట్లు, నోట వేసికొనగానే కరుగునట్లు చేయుట దాని రహస్యము. 1911 నుండి 1948 వరకు పాలించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేర అది వెలసినదందురు. ఉస్మానియా ఆసుపత్రిలోని రోగులకు బలమిచ్చుటకై చేయించిరని ఒక కథ, నిజాము తాను తినుటకే చేయించెనని మరియొక కథ. ఏది నిజమైనను కూలివాడును, వకీలును ఒకే బల్లయొద్ద నిలిచి తినగల వస్తువు నిజాము పేరున నిలుచుట విశేషమే. చార్మినారు పక్కనున్న నిమ్రాలోను, నాంపల్లిలోని సుభాన్ బేకరీలోను ఈ బిస్కట్లు పళ్ళెములనుండి వేడివేడిగా దిగుచుండగానే కొనువారు కాచుకొనియుందురు.

1947లో దేశవిభజన జరిగినపుడు సింధు ప్రాంతమును విడిచివచ్చిన కుటుంబములు అనేకము. వారిలో ఖాన్‌చంద్ రామ్నాని అను నాయన 1953లో మొజంజాహీ మార్కెటు యొద్ద ఒక బేకరీ పెట్టి, తాను విడిచివచ్చిన సింధు నగరపు పేరే దానికి పెట్టెను. కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కట్టు నేడు హైదరాబాదునుండి బంధువుల ఇండ్లకు పోవువారి సంచిలో తప్పక నుండును. ఇల్లు పోయినవానికి ఊరిపేరు మిగిలినది. ఆ పేరు వందలమందికి పని కల్పించినది. ఇట్టి బిస్కట్లలోను, కేకులలోను ఎఱ్ఱగా, పచ్చగా కనబడు పండ్ల ముక్కలను టూటీఫ్రూటీ యందురు. అన్ని పండ్లు అని ఇటలీ భాషలో దాని యర్థము. ఇక్కడ మాత్రము అది పండని బొప్పాయి కాయను చిన్న ముక్కలుగా కోసి, ఉడికించి, రంగు కలిపి పంచదార పాకములో ఊరబెట్టినది. బొప్పాయి తోటలున్న గ్రామములవారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

చాంద్రాయణగుట్ట దాటిన పిమ్మట బార్కస్ అను పేట కలదు. బ్యారక్స్ అను మాటయే అట్లు మారినది. నిజాము సైన్యములో పనిచేయుటకు యెమెను దేశపు హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు అక్కడ నివసించుచున్నారు. అటువైపునను, టోలీచౌకి వైపునను అరబ్బు రొట్టెలు, బక్లావా, కునాఫా అమ్ము దుకాణములు ఇటీవల బాగుగా పెరిగినవి. కునాఫా పాలస్తీనాలోని నాబ్లుస్ పట్టణమునకు పేరు తెచ్చినది. సేమ్యావంటి పిండితీగల నడుమ జున్నువంటి చీజు పెట్టి, కాల్చి, పాకము పోయుదురు. బక్లావా పలుచని పొరల మిఠాయి. తుర్కీలోని ఆంతెప్ బక్లావాకు ఐరోపా సమాఖ్య 2013లో భౌగోళిక గుర్తింపు నిచ్చినది. మన ఆత్రేయపురపు పూతరేకులకు అట్టి గుర్తింపు 2023లో వచ్చినది. పలుచని పొరను చేయుట ఎంత నేర్పో ఆత్రేయపురము ఆడవారినడిగిన చెప్పగలరు. తుర్కీవారు వచ్చి చెప్పనక్కరలేదు.

తలశ్శేరి కేకు, అయ్యంగార్ల బన్ను

కేకు కథ కేరళ తీరములో మొదలగును. మాంబళ్లి బాపు అనునాయన బర్మాలో బిస్కట్ల పని నేర్చి వచ్చి 1880లో తలశ్శేరిలో బిస్కట్ల కర్మాగారము పెట్టెను. 1883లో బ్రౌన్ అను తోటల దొర ఇంగ్లండునుండి తెచ్చిన క్రిస్మసు కేకును రుచి చూపి, అట్టిది చేయగలవా యని అడిగెనట. బ్రాందీకి బదులు ఊరి జీడిమామిడి పండ్ల సారాయిని కలిపి బాపు దానిని చేసి యిచ్చెనని చెప్పుదురు. ఆ కుటుంబమువారి బేకరీలు తరువాత కేరళ యంతట వ్యాపించినవి.

ఇక మన మండల కేంద్రపు బోర్డుపై కనబడు అయ్యంగార్లు. కర్ణాటకములోని హాసన ప్రాంతమునుండి బెంగుళూరు వచ్చిన తిరుమలాచారి అనునాయన 1898లో చిక్కపేటలో బేకరీ పెట్టెను. శాకాహార వైష్ణవులు గనుక గ్రుడ్డు లేకుండ కేకు, బన్ను చేయు పద్ధతిని వారు సాధించిరి. కొబ్బరి తురుము నింపిన దిల్‌పసందు, ఉల్లిపాయ, మిరప కలిపిన కారము బన్ను వారి బేకరీలలో ప్రసిద్ధములు. గ్రుడ్డు ముట్టని ఇండ్లలోనికిగూడ కేకు ప్రవేశించుటకు వీరు కారకులైరి. వారి బంధువులు, ఊరివారు ఈ విద్యతో ఊరూరికి పోయిరి. ఇప్పుడా పేరు ఎవరైనను పెట్టుకొనుచున్నారు. బోర్డును చూచి యజమాని కులమును, ఊరిని ఊహించుట పొరపాటగును.

పిండి ఎట్లు పొంగును

బేకరీ విద్యకు మూలము గోధుమలోనున్న ఒక మాంసకృత్తు. దానిని గ్లూటెన్ అందురు. పిండిని నీటితో తడిపి బాగుగా మర్దించినచో అది రబ్బరువంటి వలగా నేర్పడును. ఈస్టు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును వదలును. ఆ వాయువు వలలో చిక్కుకొని బుడగలై పిండిని పొంగించును. బట్టీలో వేడి తగిలినపుడు వల గట్టిపడి పొంగు నిలిచిపోవును. ఇడ్లీపిండి పులియుటయు ఇట్టిదే. అక్కడ ప్రధానముగ పనిచేయునవి ఈస్టు కాక మినప్పిండిలోనుండి వచ్చు బాక్టీరియా, బుడగలను పట్టియుంచునది మినుముల జిగురు.

కిలో మైదాకు ఇంచుమించు 600 మిల్లీలీటర్ల నీరు, 20 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల పచ్చి ఈస్టు, కొంచెము పంచదార, కొంచెము నూనె లేక వెన్న, ఇది సాధారణ బ్రెడ్డు కొలత. గంటనుండి రెండు గంటలు పొంగనిచ్చి, అచ్చులలో నుంచి, మరల పొంగిన పిమ్మట 200 నుండి 220 డిగ్రీల సెల్సియసు వేడిలో అరగంట కాల్చుదురు. పాతకాలపు ఇటుక బట్టీలో ముందుగా కట్టెలు మండించి, నిప్పులు తీసివేసి, గోడలు పట్టియుంచిన వేడితోనే కాల్చెడివారు. ఉష్ణమాపకము లేదు. పనివాడు చిటికెడు పిండిని బట్టీ గచ్చుపై చల్లి, అది ఎంతలో మాడునో చూచి వేడిని తెలిసికొనెడివాడు. మొదట వేడి హెచ్చుగా నున్నపుడు బ్రెడ్డు, తగ్గినపిమ్మట బిస్కట్లు, చివర రస్కులు. ఒక్క నిప్పుతో మూడు వంటలు.

పఫ్ సంగతి వేరు. అందులో ఈస్టు లేదు. మైదా ముద్దను పరచి, నడుమ క్రొవ్వు పెట్టి, మూడు మడతలు వేసి వత్తుదురు. మరల మూడు మడతలు. ఇట్లు ఆరుసార్లు చేసినచో క్రొవ్వు పొరలు 729 అగును. పాఠశాల పిల్లలచే 3ను ఆరుసార్లు గుణింపజేసి చూడవచ్చును. బట్టీలో పిండిలోని నీరు ఆవిరియై పొరలను పైకి లేపును. ఫ్రాన్సు దేశపు వస్తువని పేరుపొందిన క్రోసాంటుగూడ ఈ మడతల విద్యనుండి వచ్చినదే. దాని నెలవంక ఆకారము మాత్రము ఆస్ట్రియాలోని వియన్నాది. ఆగస్ట్ జాంగ్ అను ఆస్ట్రియనుడు 1830ల చివర పారిసులో వియన్నా తరహా బేకరీ పెట్టగా, ఫ్రెంచివారు దానిని తమదిగా చేసికొనిరి. తాపేశ్వరపు మడతకాజా చేయువారు ఈ రహస్యమును ఎరుగుదురు. వారు పొరలను నూనెలో విప్పుదురు, ఐరోపావారు బట్టీలో విప్పుదురు. అంతే తేడా.

తినదగినదేది, తగ్గింపవలసినదేది

మేము బేకరీ వస్తువులకు శత్రువులము కాము. కాని పఫ్ పొరలలోని క్రొవ్వేదో అడిగి తెలిసికొనుట మంచిది. వెన్న ఖరీదైనది. అందుచే చిన్న బేకరీలలో వనస్పతి, మార్గరిను మున్నగునవి వాడుదురు. నూనెను కృత్రిమముగా గడ్డకట్టించునపుడు ట్రాన్స్ క్రొవ్వులు పుట్టవచ్చును. అవి రక్తములో చెడు కొలెస్టరాలును పెంచి, మంచిదానిని తగ్గించి, గుండెజబ్బునకు దారితీయును. భారత ఆహార భద్రత, ప్రమాణముల సంస్థ నూనెలు, క్రొవ్వులలో వీని హద్దును 2021 జనవరినుండి 3 శాతమునకు, 2022 జనవరినుండి 2 శాతమునకు తగ్గించినది. పేరులేని డబ్బాలలో వచ్చు చౌక క్రొవ్వునకు ఈ హద్దు తెలియదు. కాన బేకరీవాడు క్రొవ్వు కొన్న డబ్బా పైనున్న చీటీని చూపుమని అడుగుటలో తప్పులేదు.

బ్రెడ్డు బాగుగా పొంగుటకై పూర్వము పొటాసియం బ్రోమేటు అను రసాయనము కలిపెడివారు. అది కాన్సరునకు కారణము కావచ్చునన్న అనుమానముతో 2016లో మనదేశమున దానిని అనుమతింపబడిన పదార్థముల పట్టికనుండి తొలగించిరి. మైదాలో గోధుమ తవుడు, మొలక తీసివేయబడినందున పీచు బహు స్వల్పము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియముండగా మైదాలో 20 ప్రాంతముననే యుండును. బడికి పోవు పిల్లవాడు ఉదయము జొన్నరొట్టె మాని క్రీము బన్ను తిని పోవుచున్నచో ఆ యింటివారికి ఈ రెండంకెలు చెప్పిన చాలును.

మన ఊరి బట్టీ

ఇక డబ్బు లెక్క. వెయ్యి గడపల గ్రామమొకటి యున్నదనుకొందము. గడపకు రోజునకు ఐదు రూపాయలు బేకరీ వస్తువులపై వ్యయమైనచో రోజునకు 5,000 రూపాయలు, సంవత్సరమునకు 18,25,000 రూపాయలు. ఇందులో పిండి బయటిది, పంచదార బయటిది, పనివాడు బయటివాడు, యజమాని బయటివాడు అయినచో ఊరిలో మిగులునది దుకాణపు అద్దె మాత్రమే. ఈ లెక్క మీ గ్రామమునకు ఎంతవరకు వర్తించునో మీరే వేసికొనవచ్చును.

ఊరి మహిళా సంఘములు ఈ పనికి పూనుకొనవచ్చునా యన్న ప్రశ్నకు, బ్రెడ్డుతో కాక బిస్కట్లతో మొదలిడుడని మేము చెప్పుదుము. కారణము తేటతెల్లమైనది. బ్రెడ్డు మూడు నాలుగు దినములలో బూజుపట్టును, అమ్ముడుపోనిచో నష్టము. పెద్ద కంపెనీల బ్రెడ్డు తెల్లవారకముందే వ్యానులలో ఊరికి వచ్చుచున్నది. దానితో పోటీ పడుట కష్టము. బాగుగా కాల్చి, తేమ తగులకుండ కట్టిన బిస్కట్టు నెల దాటినను చెడదు. పైగా బ్రెడ్డునకు గ్లూటెన్ కావలెను. జొన్న, రాగి, సజ్జలలో అది లేదు. అందుచే వట్టి జొన్నపిండితో బ్రెడ్డు పొంగదు. బిస్కట్టునకు పొంగు అక్కరలేదు గనుక మన చిరుధాన్యములు దానికి చక్కగా పనికివచ్చును. అయినను విరిగి పొడియగు గుణము జొన్నపిండిలో కొంత కలదు. పిండిని మెత్తగా విసరి జల్లించి, కొంత గోధుమపిండి కలిపినచో ఆ లోపము తగ్గును. సజ్జపిండిలో నూనె హెచ్చు. విసరిన కొలది దినములకే అది చేదెక్కును. సజ్జ బిస్కట్లు చేయదలచినవారు ఏ రోజు పిండి ఆ రోజు విసరుకొనవలెను. ఈ చిన్న సంగతి తెలియక సరకంతయు పారబోసికొనుట జరుగును.

ఈ విషయములో శిక్షణ కావలెనన్నచో దూరము పోనక్కరలేదు. హైదరాబాదు రాజేంద్రనగరులో భారత చిరుధాన్య పరిశోధన సంస్థ కలదు. దాని న్యూట్రిహబ్ విభాగము చిరుధాన్యములతో బిస్కట్లు మున్నగునవి చేయుటలో వ్యవసాయదారులకు, సంఘములకు, చిన్న వ్యాపారులకు తోడ్పడుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిమ్మట ఈ సరకుకు పట్టణములలో గిరాకి పెరిగినది. కేంద్రప్రభుత్వము 2020లో ప్రారంభించిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకములో యంత్రముల ఖర్చుపై 35 శాతము, గరిష్ఠముగా 10 లక్షల రూపాయల వరకు, బ్యాంకు ఋణమునకు ముడిపెట్టి సబ్సిడీ నిర్ణయింపబడెను. సంఘములోని సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనముగూడ అందులో చేర్చబడెను. ఈ పథకపు నేటి గడువును, షరతులను జిల్లా పరిశ్రమల కార్యాలయములో కనుగొనిన పిమ్మటనే యంత్రముల బేరమాడవలెను. సబ్సిడీ వచ్చునని ముందే అప్పుచేసి పెద్ద ఓవెను కొనుట తెలివిగాదు.

మరియొక మాట. ‘రాగి బిస్కట్టు’ అని చీటీ అంటించి లోపల తొమ్మిది పాళ్ళు మైదా, ఒక పాలు రాగిపిండి కలుపువారు కలరు. మన సంఘముల పేరు చెడునది ఇట్టి పనులవలననే. ఎన్ని పాళ్ళున్నవో అన్ని పాళ్ళే చీటీపై వ్రాయవలెను.

దరఖాస్తు వచ్చినపుడు

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము క్రింద గ్రామములో యంత్రములు, కొలిమి పెట్టి వ్యాపారము చేయువారిపై పంచాయతీకి పర్యవేక్షణాధికారము కలదు. దానితో పాటు, 2006 నాటి ఆహార భద్రత చట్టము ననుసరించి ఎంత చిన్న బేకరీయైనను నమోదు కావలెను. 2011 నాటి నిబంధనలు సంవత్సరపు అమ్మకము 12 లక్షల రూపాయలకు మించనివారికి నమోదు పత్రమును, మించినవారికి లైసెన్సును విధించినవి. 14 అంకెల ఆ సంఖ్య దుకాణములో కనబడునట్లు అతికింపవలెను. పొట్లముపై తయారైన తేది, ఎప్పటిలోగా తినవలెనో ఆ తేది, కలిసిన పదార్థముల పట్టిక ఉండవలెను. గ్రుడ్డు కలిసినదానిపై ఆకుపచ్చ గుర్తు ఉండరాదు.

స్థలపరీక్షకు పోయినపుడు మొదట పొగగొట్టమును చూడుడు. ఇరుగుపొరుగు ఇండ్ల కిటికీలకంటె అది ఎత్తుగా నున్నదా? కట్టెల బట్టీ పెట్టుచున్నచో కట్టెలెక్కడివి? 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు, ఆ నగరములో బొగ్గు, కట్టెలతో నడుచు బేకరీలు ఆరు నెలలలో పరిశుభ్రమైన ఇంధనమునకు మారవలెనని ఆదేశించినది. మన గ్రామములకు ఆ ఆదేశము వర్తింపకున్నను, కొత్తగా పెట్టువానిని గ్యాసు లేక విద్యుత్తు ఓవెను పెట్టుకొనుమని ఒప్పించుట, పెట్టిన పిమ్మట మార్పించుటకంటె సులభము. తరువాత నీరు. పిండి కలుపు నీరు బోరునుండి వచ్చుచున్నచో దానిని పరీక్ష చేయించిరా? క్రీము కేకులు అమ్మువానికి పనిచేయు ఫ్రిజ్ కలదా, కరెంటు పోయినపుడు ఏమి చేయును? వేసవిలో క్రీము చెడి పెండ్లివారిని, పుట్టినరోజువారిని ఆసుపత్రి పాలుచేయును.

పనివారి సంగతి అందరును మరచునది. బేకరీ పని రాత్రి పని. దూరపు ఊళ్ళనుండి తెచ్చిన పిల్లలు బట్టీ గదిలోనే నిద్రించి, అక్కడనే తిని, పళ్ళెములు మోయుచుండుట పలు పట్టణములలో కనబడిన విషయమే. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము ననుసరించి 14 సంవత్సరములు నిండనివారిని ఏ పనిలోను పెట్టుకొనరాదు. 14 నుండి 18 సంవత్సరముల వారిని అపాయకరమైన పనులలో పెట్టరాదు. ఎవరి పిల్లవాడు, ఏ ఊరివాడు, బడికెందుకు పోవుటలేదు, ఈ ప్రశ్నలు అడుగుటకు సర్పంచి, వార్డు సభ్యుడు మొగమాటపడరాదు.

తనిఖీకి ఉదయము పదిగంటలకు పోయినచో కడిగిన గచ్చు, అద్దాల బీరువా మాత్రమే కనబడును. పిండి కలుపుట రాత్రి రెండు గంటల ప్రాంతమున మొదలగును. నాలుగింటికి బట్టీ వేడెక్కియుండును. సంవత్సరమునకు ఒకటి రెండు పర్యాయములైనను ఆ వేళకు, ఇద్దరు సభ్యులు, వీలైనచో మహిళా సంఘమునుండి ఒకరు కలిసి, టార్చి పట్టుకొని పోవుడు.